మట్టిని చదివిన పండితుడు: గులాం యజ్దాని

మరణానంతరం మనిషి ఏమవుతాడన్న ప్రశ్న మానవజాతి అంత ప్రాచీనమైనది. లిపి నెరిగిన జాతులు ఈ ప్రశ్నకు తమకు తోచిన సమాధానాన్ని గ్రంథాలలో రాసుకొన్నాయి. లిపి లేని జాతులు ఆ సమాధానాన్ని మట్టిలో దాచుకొన్నాయి. మృతునితో పాటు సమాధిలో ఉంచిన కుండ, కత్తి, పూస మొదలైన వస్తువులే వారి గ్రంథాలు. వాటిని చదవడానికి అక్షరజ్ఞానం చాలదు. ఓర్పు, వినయం, వివేచన కావాలి.

ఇటువంటి మట్టి గ్రంథాలలో లోకప్రసిద్ధమైనవి చైనా దేశపు సమాధులు. క్రీ.పూ. 221లో చైనాను ఏకచ్ఛత్రం కిందికి తెచ్చిన చక్రవర్తి చిన్ షి హువాంగ్ క్రీ.పూ. 210లో మరణించాడు. పరలోకంలో కూడా తనకు సైన్యం అవసరమని నమ్మిన ఆ చక్రవర్తి కోసం కాల్చిన మట్టితో వేలాది సైనికులను నిలువెత్తున తయారుచేసి, సమాధి సమీపంలోని గుంటలలో బారులు తీర్చి నిలిపారు. 1974లో షియాన్ నగరం దగ్గర బావి తవ్వుతున్న రైతులకు ఆ మట్టిసైన్యం బయటపడింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు అక్కడి రాజులు మరణించినప్పుడు పరిచారకులను, బందీలను చంపి వారితో పాటు పాతిపెట్టే ఆచారముండేది. కాలక్రమంలో ప్రాణమున్న మనిషి స్థానంలోకి మట్టిబొమ్మ వచ్చింది. తరువాతి హాన్, తాంగ్ వంశాల కాలంలో సైనికులే కాక పరిచారికలు, సంగీతకారులు, గుఱ్ఱాలు, ఒంటెలు, ఇళ్లు, ధాన్యపు కొట్లు సైతం బొమ్మలుగా మారి మృతుల వెంట నడిచాయి. ఈ లోకపు జీవితం ఆ లోకంలోనూ కొనసాగుతుందన్న విశ్వాసమే ఇందుకు మూలం.

అటువంటి విశ్వాసం మన నేలకు కొత్తది కాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలున్న ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఊరి చివర బీళ్లలోనూ, గుట్టల పాదాల వద్దనూ పెద్ద పెద్ద బండరాళ్లను గుండ్రంగా పేర్చిన చోట్లు కనబడతాయి. తెలంగాణలో పలుచోట్ల జనం వాటిని రాకాసి గుళ్లని, పాండవుల గుళ్లని పిలుస్తారు. అంత బరువైన రాళ్లను సామాన్య మానవులు కదిలించలేరని తలచి, ఆ పనిని రాక్షసులకో పాండవులకో అంటగట్టారు. నిజానికవి క్రీ.పూ. మొదటి సహస్రాబ్దిలో ఈ నేలపై జీవించిన ఇనుపయుగపు మానవుల సమాధులు. వాటిలో మట్టిసైనికులు లేరు, మట్టికుండలున్నాయి. ఆ కుండలకు కూడా చరిత్ర చెప్పే శక్తి ఉన్నదని గుర్తించి, వాటి అధ్యయనానికి హైదరాబాదు రాజ్యంలో బాట వేసినవారిలో అగ్రగణ్యులు గులాం యజ్దాని.

యజ్దాని 1885 మార్చి 22న ఢిల్లీలో జన్మించారు. మొగలుల వైభవం అస్తమించినా, ఆ నగరంలోని కోటలు, మసీదులు, సమాధులు, శిథిలాలు గతాన్ని అడుగడుగునా గుర్తుచేస్తూనే ఉండేవి. ఆ వాతావరణంలో పెరిగిన యజ్దాని అరబ్బీ, పారశీక భాషలలో పాండిత్యం సంపాదించారు. కొంతకాలం కళాశాలలలో అధ్యాపకులుగా పనిచేశారు. రాతిపై చెక్కిన అరబ్బీ, పారశీక శాసనాలను పరిష్కరించడంలో ఆయన ప్రతిభ పండితుల దృష్టిని ఆకర్షించింది. భారతదేశంలోని ముస్లిం శాసనాల ప్రచురణకు ఉద్దేశించిన పత్రికకు ఆయన చాలాకాలం సంపాదకులుగా ఉన్నారు. అంటే అక్షరమే ఆయన తొలి విద్య, తొలి ప్రేమ.

ఆ రోజులలో హైదరాబాదు రాజ్యం ఎనభై వేల చదరపు మైళ్లకు పైబడిన విశాల భూభాగం. తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ ప్రాంతాలు అందులో భాగాలు. అజంతా, ఎల్లోరా గుహలు, ఓరుగల్లు కోట, వేయిస్తంభాల గుడి, పాలంపేట రామప్ప దేవాలయం, బీదరు, గుల్బర్గా కోటలు ఆ రాజ్యంలోనే ఉండేవి. ఇంతటి సంపదకు తగిన కాపుదల మాత్రం లేదు. గుడుల కప్పులపై రావిచెట్లు మొలిచేవి. మంటపాల రాళ్లు గోడలకూ మెట్లకూ తరలిపోయేవి. అజంతా చిత్రాలకు గబ్బిలాలూ, తేమా, మనుషుల చేతులూ హాని చేసేవి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, ఉన్నతాధికారి అక్బర్ హైదరీ ప్రోత్సాహంతో 1914లో ప్రభుత్వం పురావస్తుశాఖను నెలకొల్పింది. ఆ శాఖ బాధ్యతలు యజ్దానికి అప్పగించింది. అప్పటికి ఆయన వయస్సు ఇరవై తొమ్మిది సంవత్సరాలు. 1943లో పదవీ విరమణ చేసేవరకు, దాదాపు మూడు దశాబ్దాల పాటు, ఆయన ఆ బాధ్యతను నిర్వహించారు.

కొత్త శాఖకు చరిత్ర లేదు, అనుభవజ్ఞులు లేరు. ఏ ఊరిలో ఏ కట్టడమున్నదో తెలిపే సమగ్రమైన పట్టిక కూడా లేదు. రాజ్యంలోని ప్రాచీన కట్టడాలను పరిశీలించి నమోదు చేయడం, కూలిపోతున్నవాటిని నిలబెట్టడం, శాసనాలకు నకళ్లు తీయించడం, ఏటేటా నివేదికలు ప్రకటించడం శాఖ నిత్యకృత్యాలయ్యాయి. మతభేదం, భాషాభేదం ఆ పనికి అడ్డు రాలేదు. పారశీక శాసనాలను చదివిన పండితుడే కాకతీయుల కాలపు పాలంపేట దేవాలయాలపై పరిశోధన చేసి 1922లో ఒక గ్రంథం ప్రకటించారు. 1213 నాటి శాసనం గల ఆ రామప్ప దేవాలయం 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందింది. ఆ గుర్తింపుకు తొంభై తొమ్మిది సంవత్సరాల ముందే దాని శిల్పవైభవాన్ని విద్వత్ప్రపంచం ముందు నిలిపిన ఘనత యజ్దానిది. తెలంగాణ జిల్లాల తెలుగు, కన్నడ, సంస్కృత శాసనాల సంపుటాలు కూడా ఆ శాఖ పక్షానే వెలువడ్డాయి.

గుడికి శిల్పముంది, కోటకు కథ ఉంది, శాసనానికి అక్షరముంది. ఇవేమీ లేని సమాధుల మాటేమిటి? బీడు భూములలోని రాతివలయాలను ఎవరు పట్టించుకోవాలి? ఈ ప్రశ్న యజ్దాని కంటే ముందే కొందరిని వేధించింది. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1850 దశకంలో, నేడు కర్ణాటకలో ఉన్న సురపురం సంస్థానంలో, ఇటువంటి సమాధులను శ్రద్ధగా తవ్వి పటాలు గీశారు. ఆయన తరువాత ఆ కృషి చాలాకాలం కుంటుపడింది. 1916లో హైదరాబాదు పురావస్తు సంఘం ఏర్పడడంతో అది మళ్లీ ఊపందుకొంది. ఆ సంఘం పత్రికను ప్రచురించింది; పండితులను, అధికారులను, ఆసక్తి గలవారిని ఒక చోట చేర్చింది. వైద్యుడైన ఇ.హెచ్. హంట్ అప్పటి నల్లగొండ జిల్లాలోని రాయగిరి వద్ద రాతివలయాలను తవ్వి, తాను చూసినదాన్ని లోకానికి వివరించారు. భువనగిరి దాటగానే వచ్చే ఆ రాయగిరి పేరు ఆ విధంగా విదేశీ పత్రికలలోనూ చోటుచేసుకొంది.

ఆ రాతివలయాల లోపల ఏముంటుంది? పైకి కనబడేది బండరాళ్ల వలయం, దాని నడుమ చిన్న రాళ్ల కుప్ప. ఆ కుప్పను తొలగించి తవ్వితే, చాలాచోట్ల నాలుగు పెద్ద రాతిపలకలను నిలబెట్టి, పైన మరో బండ కప్పిన పెట్టె వంటి గది కనిపిస్తుంది. కొన్ని గదుల పలకకు గుండ్రని రంధ్రం ఉంటుంది. లోపల ఎముకలుంటాయి, అయితే అవి అన్నిచోట్లా సంపూర్ణమైన అస్థిపంజరం కావు. శవాన్ని ముందు మరొక చోట ఉంచి, ఆ తరువాత మిగిలిన ఎముకలను ఏరి తెచ్చి సమాధి చేసిన సందర్భాలనేకం. ఒకే సమాధిలో పలువురి ఎముకలు దొరకడమూ ఉంది. దక్షిణభారతంలో కొన్నిచోట్ల ఎముకలను ఉంచడానికి కాల్చిన మట్టితో, వరుసగా కాళ్లున్న తొట్టి వంటి శవపేటికలు చేశారు. కడప జిల్లా శంఖవరంలో దొరికిన అటువంటి పేటికకు జంతువు ఆకారమిచ్చారు. చైనా సమాధుల బొమ్మలకు మన నేలపై దగ్గరి చుట్టమేదైనా ఉన్నదంటే అది ఈ మట్టిపేటికయే.

ఎముకల చుట్టూ కుండలు, మూకుళ్లు, మూతలు, కుదుళ్లు అమర్చి ఉంటాయి. వాటితో పాటు ఇనుప కత్తులు, బల్లెపు మొనలు, గొడ్డళ్లు, కొడవళ్లు, రంగురాళ్ల పూసలు లభిస్తాయి. కుండలలో ఎక్కువ భాగం వెలుపల ఎఱ్ఱగా, లోపలా అంచులోనూ నల్లగా ఉంటాయి. ఇది రెండు రంగులు పూయడం వల్ల వచ్చినది కాదు. కుండను ఆవములో బోర్లించి కాల్చేవారని పండితులు భావిస్తారు. గాలి తగిలిన వెలుపలి భాగం మట్టిలోని ఇనుము వల్ల ఎఱ్ఱబడుతుంది. గాలి అందక పొగచూరిన లోపలి భాగం నల్లబడుతుంది. రెండు వేల ఐదు వందల ఏళ్లనాటి కుమ్మరికి నిప్పు స్వభావం, గాలి స్వభావం ఎంత బాగా తెలుసునో ఆ పెంకు ముక్క చూపగానే అర్థమవుతుంది. కానీ నిధులు వెదికేవారి కళ్లకు ఆ పెంకు కనబడదు. అందుకే యజ్దాని వంటి పరిశోధకుల చూపు విలువైనది.

1917లో యజ్దాని హైదరాబాదు పురావస్తు సంఘం పత్రికలో దక్కను ప్రాంతపు సమాధులపై ఒక వ్యాసం ప్రకటించారు. సమాధులలోని కుండలపై అంతకుముందు ఎవరూ తగినంతగా పట్టించుకోని ఒక విశేషాన్ని అందులో ఆయన ముందుకు తెచ్చారు. అవి కుండల మీద గీసిన గుర్తులు. నిలువు గీతలు, అడ్డగీతలు, త్రికోణాలు, కొమ్మల వంటి రూపాలు, మరికొన్ని విచిత్రమైన ఆకారాలు. ఆయన వాటిని ఓపికగా సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి చూశారు. కొన్ని గుర్తులు అశోకుని కాలపు బ్రాహ్మీ అక్షరాలను పోలి ఉండడం ఆయనను ఆలోచింపజేసింది. అక్షరాన్ని ప్రాణంగా చూసుకొన్న పండితుడు అక్షరం పుట్టకముందటి గీతల ముందు ఆగి నిలిచిన ఘట్టమది.

ఆ గుర్తుల భావమేమిటన్న చర్చ నేటికీ ముగియలేదు. అవి కుమ్మరి తన పనితనాన్ని గుర్తించడానికి గీసినవని కొందరు, కుటుంబాలకో తెగలకో చెందిన చిహ్నాలని కొందరు, అంత్యక్రియలకు సంబంధించిన సంకేతాలని మరికొందరు భావించారు. లిపికి అవి మూలమన్న ఊహను తరువాతి పండితులందరూ అంగీకరించలేదు. ఐతే యజ్దాని చేసిన మేలు ఆ ఊహ నిలవడం మీద ఆధారపడి లేదు. పగిలిన పెంకును పారవేయకూడదని, దాని మీది గీతను కూడా నమోదు చేయాలని ఆయన వ్యాసం తరువాతి పరిశోధకులకు నేర్పింది. దక్షిణభారతంలో ఇటువంటి గుర్తులపై అనంతరం జరిగిన విస్తృత పరిశోధనకు అది తొలిమెట్లలో ఒకటి.

సమాధిలో అన్నపు కుండ ఎందుకు ఉంచారు? మృతునికి ఆకలి వేస్తుందని నమ్మారు గనుక. కొడవలి ఎందుకు ఉంచారు? అక్కడ కూడా పంట పండించాలని తలచారు గనుక కావచ్చు. పలకకు రంధ్రమెందుకు చేశారు? ఆత్మ వచ్చిపోవడానికని కొందరు, తరువాత మరణించినవారి ఎముకలను, కానుకలను లోపల ఉంచడానికని కొందరు చెబుతారు. ఏది నిజమైనా, మృతునితో తమకు బంధం తెగిపోలేదని వారు నమ్మారన్నది స్పష్టం. భాద్రపద అమావాస్యను తెలంగాణలో పెత్రమాసగా పాటించి, పెద్దలకు బియ్యమిచ్చి, వారికిష్టమైన వంటలు పెట్టే కుటుంబాలకు ఆ భావం అపరిచితం కాదు. నేటి ఆచారం ఆనాటి సమాధుల నుంచే వచ్చిందని చెప్పడానికి ఆధారం చాలదు. ఐనా పోయినవారికి ఒక ముద్ద పెట్టాలన్న ఆర్ద్రత రెండుచోట్లా ఒక్కటే.

చైనా చక్రవర్తి సమాధికీ, మన రాతివలయాలకూ భేదముంది. అక్కడ ఒక్క మనిషి కోసం వేలమంది కళాకారులు శ్రమించారు. ఇక్కడ ఒక ఊరివారు కలిసి తమవారి కోసం బండలు లాగారు. అక్కడ రాజుపేరు చరిత్రలో నిలిచింది. ఇక్కడ ఒక్కరి పేరైనా మనకు తెలియదు. పేరు తెలియనివారి చరిత్రకు ఉన్న ఏకైక సాక్ష్యం వారి సమాధియే. అది ఒకసారి చెదిరితే మరి చదవడానికి మిగిలేది లేదు.

యజ్దాని కాలంలోనే హైదరాబాదు నగరంలోని బాగె-ఆమ్ ఉద్యానవనంలో మ్యూజియం రూపుదిద్దుకొంది. రాజ్యం నలుమూలల దొరికిన విగ్రహాలు, నాణేలు, శాసనాలు, మట్టిపాత్రలు అక్కడికి చేరాయి. ఆరవ నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ ఈజిప్టు నుంచి సేకరించిన ఒక మమ్మీ కూడా ఏడవ నిజాం ద్వారా 1930 ప్రాంతంలో ఆ మ్యూజియానికి చేరింది. నేటి తెలంగాణ రాష్ట్ర మ్యూజియం అదే. పరలోకంలో శరీరం అవసరమని నమ్మి దానిని వేల ఏళ్ల పాటు చెడకుండా కాపాడిన ఈజిప్టు విశ్వాసమూ, ఎముకల పక్కన కుండ పెట్టిన మన పూర్వుల విశ్వాసమూ ఒకే నగరంలో పరిశీలకుని ఎదుట నిలిచాయి. మమ్మీని చూడడానికి ఎగబడే జనం పెంకులున్న అర ముందు కూడా ఒక్క నిమిషం ఆగితే ఆ మ్యూజియం స్థాపన ఆశయం నెరవేరినట్లే.

ప్రాచీన వస్తువును కాపాడడం ఎంత కష్టమో అజంతా గుహలు ఆ శాఖకు నేర్పాయి. పెచ్చులూడుతున్న చిత్రాలను నిలబెట్టడానికి ప్రభుత్వం ఇటలీ నుంచి చెక్కోని అనే నిపుణుని, ఆయన సహాయకుని పిలిపించింది. 1920 నుంచి రెండు శీతకాలాలు వారు శ్రమించి రాలిపోతున్న పూతను గోడకు అంటించారు. ఎన్నో చిత్రాలు ఆ కృషి వల్లనే దక్కాయి. కానీ రక్షణ కోసం పూసిన లక్క వార్నిష్ కాలక్రమంలో పసుపుబారి, రంగులను కప్పివేసింది. తరువాతి తరం నిపుణులు దానిని తొలగించడానికి చాలా శ్రమపడవలసి వచ్చింది. మంచి ఉద్దేశంతో చేసిన పని కూడా తొందరపడితే కీడు చేయవచ్చునన్న పాఠం అందులో ఉంది. అజంతా చిత్రాలను యథాతథంగా భావితరాలకు అందించడానికి యజ్దాని పూనుకొన్న గ్రంథం నాలుగు భాగాలుగా 1930 నుంచి 1955 వరకు వెలువడింది. ఒక్క గ్రంథానికి పాతికేళ్లు వెచ్చించగల ఓర్పు ఆయనది.

పదవీకాలం చివరి సంవత్సరాలలో ఆయన దృష్టి మళ్లీ మట్టి వైపు మళ్లింది. అప్పటి మెదక్ జిల్లాలోని కొండాపురంలో 1940 దశకం ఆరంభాన జరిపిన తవ్వకాలలో శాతవాహనుల కాలపు పట్టణం బయల్పడింది. ఇళ్ల గోడలు, విస్తారంగా నాణేలు, పూసలు, తెల్లని మెత్తని మట్టితో చేసిన బొమ్మలు దొరికాయి. రెండు అచ్చులతో ముందు భాగం, వెనుక భాగం వేర్వేరుగా తీసి, కలిపి, లోపల బోలుగా ఉండేటట్లు కాల్చిన ఆ బొమ్మల ముఖాలలో జీవకళ ఉట్టిపడుతుంది. అవి సమాధుల కోసం చేసినవి కావు. బతికున్నవారి ఇళ్లలో మెలగినవి. సమాధిలో కుండ మాత్రమే పెట్టిన ఈ నేల, కొన్ని శతాబ్దాలకే, బొమ్మలు చేయడంలో ఎంత నేర్పు సాధించిందో అవి చాటుతాయి.

1943లో పదవిని వీడినా యజ్దాని కలాన్ని వీడలేదు. బీదరు చరిత్ర, కట్టడాలపై ఆయన రచించిన బృహద్గ్రంథం 1947లో వెలువడింది. అనంతరం హైదరాబాదు రాజ్యం 1948లో భారతదేశంలో విలీనమైంది. 1956లో ఆ రాజ్యపు తెలంగాణ ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో భాగమైంది. తాను సేవించిన రాజ్యం పటంలో లేకుండా పోయినా, ఆ నేల చరిత్రపై ఆయనకున్న మమకారం తరగలేదు. పలువురు ప్రముఖ చరిత్రకారుల రచనలను కూర్చి ఆయన సంపాదకత్వం వహించిన దక్కను ప్రాచీన చరిత్ర రెండు సంపుటాలు 1960లో ప్రచురితమయ్యాయి. అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం 1936లో ఓ.బి.ఇ. బిరుదంతో, స్వతంత్ర భారత ప్రభుత్వం 1959లో పద్మభూషణ్ పురస్కారంతో ఆయనను గౌరవించాయి. 1962 నవంబరు 13న ఆయన కన్నుమూశారు.

ఆయన తీర్చిదిద్దిన శాఖ వారసులకు ఆయన చివరి సంవత్సరాలలోనే గొప్ప పరీక్ష ఎదురైంది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. కృష్ణాతీరంలోని నాగార్జునకొండ లోయ, దానికి ఎదుటి ఒడ్డున నల్లగొండ జిల్లాలోని ఏలేశ్వరం జలాశయంలో మునిగిపోవలసి వచ్చింది. నాగార్జునకొండలో కేంద్ర పురావస్తుశాఖ, ఏలేశ్వరంలో అబ్దుల్ వహీద్ ఖాన్ నాయకత్వాన రాష్ట్ర పురావస్తుశాఖ, నీరు రాకముందే తవ్వకాలు సాగించాయి. ఇక్ష్వాకుల కాలపు కట్టడాలతో పాటు ఇనుపయుగపు సమాధులు కూడా అక్కడ వెలికివచ్చాయి. నదీతీరాన వేల ఏళ్లు నిద్రించినవారి ఎముకలు, కుండలు, ఆయుధాలు నీటి కంటే ముందు పరిశోధకుని చేతికి చిక్కాయి.

నాగార్జునసాగర్ ఎడమకాలువ నీరు నేడు మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల పొలాలను పచ్చగా ఉంచుతున్నది. ఆ ధాన్యం వేలాది కుటుంబాలకు అన్నం పెడుతున్నది. ఆ నీటి అడుగున ఏలేశ్వరం ఉన్నదన్న సంగతి ఆ అన్నం తినేవారు మరువకూడదు. బతికున్నవారి ఆకలి తీర్చడం ధర్మమే. అందుకోసం పూర్వుల నేల మునిగినప్పుడు, మునిగేలోగా దాని కథను రాసిపెట్టడం కూడా ధర్మమే. ఏలేశ్వరంలో ఆ రెండవ ధర్మాన్ని నెరవేర్చినవారు యజ్దాని వేసిన బాటలో నడిచినవారే.

ఐతే జలాశయం ముంచినవాటికి నివేదికలు మిగిలాయి. మనుషులు ధ్వంసం చేసినవాటికి అవి కూడా మిగలలేదు. లంకెబిందెలు దొరుకుతాయన్న ఆశతో రాత్రివేళ సమాధులను తవ్వినవారున్నారు. వారికి బంగారం దొరకలేదు. కోపంతో కుండలు పగలగొట్టి పోయారు. వలయాల బండలను కంకరగా కొట్టి రోడ్లకు పరచినవారున్నారు. పొలం చదును చేసేటప్పుడు అడ్డమని తొలగించినవారున్నారు. యంత్రం ఒక్క పూటలో చెరిపివేసే ఆ వలయాన్ని పేర్చడానికి ఆనాటి మనుషులకు ఎన్ని రోజులు పట్టిందో, ఎంతమంది చేతులు కావలసివచ్చాయో ఆలోచించినవారు తక్కువ.

ఆశ చిగురించే గుర్తులు కూడా లేకపోలేదు. 2017లో సిద్దిపేట జిల్లా నర్మెట్టలో రాష్ట్ర పురావస్తుశాఖ భారీ క్రేను సాయంతో ఒక సమాధి మీది పెద్ద బండను ఎత్తించి శాస్త్రీయంగా తవ్వకాలు జరిపింది. నారాయణపేట జిల్లా ముడుమాలులోని నిలువురాళ్లు 2025లో ప్రపంచ వారసత్వ సంపద తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో వెలుగుచూసిన బౌద్ధశిల్పాలు దేశవిదేశాల ప్రేక్షకులను ఆకట్టుకొన్నాయి. ఒకప్పుడు రాకాసి గుళ్లని తప్పుకొని పోయిన చోట్లకే నేడు పరిశోధకులు వెదుక్కుంటూ వస్తున్నారు.

గులాం యజ్దాని ఈ నేలమీద పుట్టినవారు కారు. ఆయన పుట్టిన ఢిల్లీకీ తెలంగాణ పల్లెల రాతివలయాలకూ ఏ బంధుత్వమూ లేదు. ఐనా అక్షరమెరుగని మనుషులు వదిలివెళ్లిన పెంకును ఆయన శాసనంతో సమానంగా గౌరవించారు. పేరులేనివారికి కూడా చరిత్ర ఉన్నదని తన జీవితంతో నిరూపించారు. ఊరి చివర బీడులో ఒక బండల వలయం కనబడినప్పుడు, దాని కింద ఎవరికో ప్రియమైన మనిషి, ఆ మనిషి ఆకలి తీర్చడానికి ఎవరో ఆప్యాయంగా ఉంచిన కుండ ఉన్నాయని గ్రహించి, ఆ రాయిని కదల్చక కాపాడడమే యువతరం ఆయనకు అర్పించగల నిజమైన నివాళి.